వాలిందా, కట్టుబడిందా: ఉపరితలం మీద రసాయన బంధాన్ని గుర్తుపట్టడం ఎలా

మా అక్క కూతురు బీఎస్సీ చదువుతోంది. పరీక్షల ముందు హైదరాబాద్ తార్నాకలో మా ఇంటికొచ్చి భౌతిక అధిశోషణానికీ (అణువులు ఒక ఉపరితలం మీద ఊరికే వాలడం) రసాయన అధిశోషణానికీ (అక్కడ బంధం కట్టుకోవడం) తేడాల పట్టిక మొత్తం కళ్లు మూసుకుని అప్పజెప్పింది. ఒక్కటీ తప్పు పోలేదు. "సరే, నీ చేతికి పండిన గోరింటాకు ఈ రెండిట్లో దేని కిందికొస్తుంది?" అని అడిగితే ఆగిపోయింది. "అది సిలబస్‌లో లేదు చిన్నమ్మా" అంది. ఆ సాయంత్రం వంటింట్లో మేమిద్దరం చేసి చూసినవీ కాగితం మీద వేసుకున్న లెక్కలూ ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఈ విషయం పట్టికలా బట్టీ పట్టాల్సింది కాదు. ఒక పదార్థం ఉపరితలం మీద ఊరికే వాలి కూర్చుందా, లేక ఎలక్ట్రాన్లు పంచుకుని బంధం కట్టుకుందా అని తేల్చాలంటే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: దాన్ని అక్కడి నుంచి లేపాలంటే ఎంత ఖర్చవుతుంది?

ముందు చేతి మీదే చూడండి. నుదుట పెట్టుకున్న కుంకుమ నీళ్లతో కడిగితే పోతుంది, అది వాలిన సరుకు. గోరింటాకు అలా కాదు. ఆకులో ఉండే లాసోన్ అనే అణువు చర్మంలోని కెరాటిన్ ప్రొటీన్‌తో, ముఖ్యంగా దాని అమైనో గుంపులతో, నిజమైన బంధం కట్టుకుంటుంది. అందుకే సబ్బుకు పోదు, ఆ చర్మపు పొర రాలిపోతేనే పోతుంది. పెట్టుకున్నాక చేయి వెచ్చగా ఉంటే బాగా పండుతుందనీ, నిమ్మరసం కలిపితే ఎర్రగా వస్తుందనీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే. బంధం కట్టడానికి కాస్త వేడి కావాలి, కాస్త ఆమ్లం సాయం కావాలి, కొంచెం టైమూ కావాలి. ఆకు తీసేసిన వెంటనే నారింజ రంగులో ఉండి మర్నాటికి ముదరడం కూడా గమనించే ఉంటారు. లాసోన్ చర్మం పై మృతకణాల్లోకి కొంచెం ఇంకుతుంది కాబట్టి దీన్ని అచ్చమైన ఉపరితల వ్యవహారం అనలేం. అయినా "అంటింది", "పండింది" అనే రెండు మాటల మధ్య తేడా పట్టుకుంటే మిగతా కథంతా తేలిగ్గా ఎక్కుతుంది.

అసలు ఉపరితలానికి ఈ గుణం ఎందుకు?

ఒక లోహపు ముక్క లోపల ఉన్న పరమాణువుకు అన్ని వైపులా చుట్టాలే. పైన ఉన్నదానికి ఒక వైపు ఇల్లు ఖాళీ. ఆ ఖాళీ వైపు తీరని బంధ సామర్థ్యం మిగిలిపోతుంది, ఏది వస్తే దాన్ని పట్టుకోవాలని చూస్తుంది. చదరపు సెంటీమీటరుకు ఇలాంటి పరమాణువులు సుమారు 10¹⁵ ఉంటాయి. మామూలు గాలి పీడనంలో పూర్తిగా శుభ్రమైన లోహపు ముఖాన్ని తెరిచి పెడితే, గుద్దుకున్న ప్రతి అణువూ అతుక్కుంటుందనుకుంటే, ఒక సెకనులో వంద కోట్లవ వంతుకు మూడు నాలుగు రెట్లు చాలు, ఒక పొర నిండిపోతుంది. మనం చేత్తో ముట్టుకునే స్టీలు గ్లాసు, బంగారు గాజు, కిటికీ అద్దం ఏదైనా సరే, మనం ముట్టుకునేది దాని మీద ముందే కూర్చున్న వేరే అణువులనే. ఇది తెలిసిన రోజు నాకు ఇంట్లో వస్తువులన్నీ కొత్తగా కనిపించాయి.

వంటింట్లో రెండు డబ్బాలు

గాలి చొరబడకుండా మూత పడే రెండు డబ్బాలు తీసుకోండి. మొదటిది వాలడానికి, రెండోది కట్టుబడడానికి.

మొదటి డబ్బా కోసం చెప్పుల పెట్టెల్లో, మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పోగుచేయండి. నీలం రంగు పూసలు ఉంటే పక్కన పడేయండి, వాటిలో కోబాల్ట్ ఉప్పు ఉంటుంది, అది వంటింట్లోకి రాకూడదు. తెల్లవి ఒక 50 గ్రాములు పాత స్టీలు గిన్నెలో వేసి సన్నని మంట మీద పది పదిహేను నిమిషాలు కదుపుతూ వేడి చేయండి. చల్లారాక తూచి బరువు రాసుకోండి. తర్వాత డబ్బాలో పోసి, మూత లేకుండా, వానాకాలమైతే బాల్కనీ దగ్గర, ఒక రాత్రంతా వదిలేసి పొద్దున మళ్లీ తూచండి. హైదరాబాద్ జులై గాలిలో అయితే గ్రాముల్లో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మళ్లీ వేడి చేస్తే పాత బరువుకే వస్తుంది. ఎన్నిసార్లు చేసినా ఇదే. నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో, సన్నని రంధ్రాల్లో పేరుకుని, పూస మీద వాలాయి. కొంచెం వేడి ఖర్చు పెడితే లేచిపోయాయి, పూస మాత్రం మారలేదు.

రెండో డబ్బాకు కొంచెం వెండి కావాలి. మిఠాయిల మీద, పాన్ మీద వేసే వెండి వరఖ్ అన్నిటికంటే మంచిది, పాతబస్తీలో చార్‌కమాన్, చార్మినార్ చుట్టుపక్కల దొరుకుతుంది. లేదంటే పాత పట్టీ ముక్క చాలు, రాళ్లు పొదిగినది మాత్రం వద్దు. ఒక గుడ్డును మామూలు కంటే ఎక్కువసేపు, ఓ పావుగంట, ఉడకబెట్టి చెక్కు తీసి రెండుగా కోసి డబ్బాలో పెట్టండి. పక్కనే చిన్న గిన్నెలో వెండి పెట్టండి, గుడ్డుకు తగలకూడదు. వీలైతే ఒక బంగారపు చెవి పోగు కూడా పక్కన పెట్టి మూత వేయండి. గుడ్డు నుంచి కొద్దికొద్దిగా హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వస్తుంది, ఆ వాసన మీకు తెలిసిందే. కొన్ని గంటలకు వెండి పసుపు, ఆ తర్వాత గోధుమ రంగులోకి దిగుతుంది, మర్నాటికి నల్లబడుతుంది. బంగారం కదలదు. మా ఇంట్లో వరఖ్ సాయంత్రం పెడితే రాత్రి భోజనాలకే రంగు మారింది, పిల్ల నాలుగుసార్లు మూత తీసి చూసింది, చూసిన ప్రతిసారీ కొంత వాయువు పోయింది, మీరు అలా తీయకండి.

ఇప్పుడు ఆ నల్ల వెండిని నీళ్లతో కడగండి, సబ్బుతో కడగండి, సిలికాను వేడి చేసినట్టే సన్నని మంట మీద కాసేపు వేడి చేయండి. పోదు. ఇక్కడ ఒక జాగ్రత్త మాట: కంటికి కనిపించే నలుపు ఒక్క పొర కాదు, వందల పొరల సిల్వర్ సల్ఫైడ్. కానీ దానికి మొదటి అడుగు రసాయన అధిశోషణమే. గంధకం ముందు పైవరస వెండి పరమాణువులతో బంధం కట్టుకుంటుంది, ఆ తర్వాతే చర్య లోపలికి దిగుతుంది. బంగారం ఎందుకు కదల్లేదంటే, ఉపరితలాన్ని బట్టి కట్టుబడడం మారుతుంది. వాలడానికి అందరూ ఒకటే, కట్టుబడడానికి మాత్రం జోడీ కుదరాలి. అలాగని బంగారానికి గంధకమంటే పడదని అనుకోవద్దు. థయోల్ అనే గంధకపు అణువులు బంగారం మీద చక్కగా బంధం కట్టుకుని, గడ్డి మొక్కలు వరసగా నాటినట్టు ఒకే పొరగా నిలబడతాయి. అలా తమంతట తామే అమరే పొరల మీద 1983 నుంచి పెద్ద పరిశోధనే నడిచింది.

ఎంతసేపు కూర్చుంటుందో లెక్క వేయండి

నాకు ఈ అంశంలో అన్నిటికంటే నచ్చే భాగం ఇది, ఫోన్‌లో సైంటిఫిక్ కాలిక్యులేటర్ తెరిచి మీరూ చేయండి. ఒక అణువు ఉపరితలం మీద సగటున ఎంతసేపు ఉంటుందో అంచనా కట్టే సూత్రం చాలా చిన్నది. అధిశోషణ శక్తిని, అంటే అణువులను అక్కడి నుంచి లేపడానికి అయ్యే ఖర్చును, మోల్‌కు జౌల్స్‌లో తీసుకోండి. దాన్ని 8.314 (వాయు స్థిరాంకం) తోనూ కెల్విన్ ఉష్ణోగ్రతతోనూ భాగించండి. వచ్చిన అంకెను 2.718 కి ఘాతంగా వేయండి. ఆ ఫలితాన్ని 10⁻¹³ సెకన్లతో గుణించండి. ఆ 10⁻¹³ అన్నది అణువు ఉపరితలం మీద ఒక్కసారి అటూ ఇటూ ఊగడానికి పట్టే సమయం. ఒక్కో ఊపుకూ లేచిపోవడానికి ఒక ప్రయత్నం అనుకోండి.

హైదరాబాద్‌లో మామూలు రోజు 27 డిగ్రీలు, అంటే 300 కెల్విన్. మోల్‌కు 25 కిలోజౌల్స్ దగ్గర, అంటే మామూలుగా వాలినప్పుడు, జవాబు సెకనులో వంద కోట్లవ వంతుకు రెండు రెట్లు మాత్రమే. వాలింది, లేచింది. 100 కిలోజౌల్స్ వేయండి, సుమారు 7 గంటలు వస్తుంది. 150 వేయండి, 4 లక్షల సంవత్సరాలు! శక్తి ఆరు రెట్లు పెరిగితే కాలం సెకను ముక్క నుంచి యుగాల్లోకి వెళ్లిపోయింది. పాఠ్యపుస్తకాల్లో భౌతిక అధిశోషణానికి 20 నుంచి 40 కిలోజౌల్స్ అనీ, రసాయన అధిశోషణానికి 80 నుంచి 240 అనీ రాసే అంకెలకు అర్థం ఇక్కడ తెలుస్తుంది. ఇప్పుడు అదే 100 కిలోజౌల్స్‌కు ఉష్ణోగ్రత 500 కెల్విన్ పెట్టి చూడండి, అంటే 227 డిగ్రీలు. 7 గంటలు కాస్తా 3 మిల్లీసెకన్లకు పడిపోతుంది. రసాయన అధిశోషణం "అనుత్క్రమణీయం" (వెనక్కి తిప్పలేనిది) అని పట్టికలో ఒక్క మాటలో రాసేస్తారు, నాకది సగం నిజంగానే అనిపిస్తుంది. చాలా వాటిని వేడితో లేపవచ్చు, ఆ వేడి మన వంటింటి వేడి కాదు, అంతే.

ఈ లెక్క వచ్చాక సిలికా జెల్ దగ్గరికి ఒకసారి వెనక్కి రండి. ఆ పూసల ఉపరితలం మీద సిలికాన్‌కు కట్టుబడిన హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్) గుంపులుంటాయి. అవి ఒకప్పటి నీరే, కానీ బంధం కట్టుకున్న నీరు. మనం మంట మీద లేపింది వాలిన నీటిని. ఈ కట్టుబడిన దాన్ని నీరుగా బయటికి లాగాలంటే 200 డిగ్రీలు దాటాక మొదలుపెట్టి వందల డిగ్రీలు పైకి వెళ్లాలి. ఒకే నీరు, ఒకే పూస, రెండు రకాల కాపురం. పట్టిక బట్టీ పట్టినవాళ్లకు అందనిది సరిగ్గా ఇదే.

బంధానికి జమాఖర్చు రాయడం

చాలా అణువులు ఉపరితలం మీద కట్టుబడేటప్పుడు తమ పాత బంధాన్ని తెంచుకుంటాయి. నూనెను వనస్పతిగా మార్చడానికి నికెల్‌ను ఉత్ప్రేరకంగా, అంటే తాను ఖర్చు కాకుండా చర్యను వేగం చేసే పదార్థంగా, ఎందుకు వాడతారో చూస్తే తెలుస్తుంది. కాగితం తీసుకుని రెండు గళ్లు గీయండి. ఖర్చు వైపు హైడ్రోజన్ అణువును రెండుగా చీల్చడానికి మోల్‌కు 436 కిలోజౌల్స్. జమ వైపు రెండు నికెల్-హైడ్రోజన్ బంధాలు, ఒక్కోటి సుమారు 265, అంటే 530. మిగులు 94. మిగులు ఉంది కాబట్టే హైడ్రోజన్ నికెల్ మీద తనంతట తాను రెండుగా విడిపోయి కూర్చుంటుంది, అలా విడిపోయిన పరమాణువులే నూనెలోని జంట బంధాల మీదికి ఎక్కుతాయి. మిగులు మరీ ఎక్కువైతే ఏమవుతుందని మీరు అడగాలి. కట్టుబడినవి కదలవు, ఉత్ప్రేరకం పని ఆగిపోతుంది. మరీ తక్కువైతే అసలు పట్టుకోదు. మంచి ఉత్ప్రేరకం ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది.

లాభమున్నా వెంటనే జరగకపోవచ్చు, ఇదీ గుర్తుపెట్టుకోండి. నైట్రోజన్ అణువులోని మూడు బంధాలు తెంచడానికి 945 కిలోజౌల్స్ కావాలి. ఇనుము దాన్ని తెంచగలదు, కానీ ఎన్నో లక్షల సార్లు గుద్దుకుంటే గానీ ఒక్క అణువు పరమాణువులుగా కట్టుబడదు. ఎరువుల కోసం అమ్మోనియా చేసే పద్ధతిలో అన్నిటికంటే నెమ్మదైన అడుగు ఇదేనని జర్మన్ శాస్త్రవేత్త గెర్హార్డ్ ఎర్ట్‌ల్ ఎంతో ఓపికగా నిరూపించాడు, ఉపరితలాల మీద చేసిన ఇలాంటి పనికే 2007లో నోబెల్ వచ్చింది. ఇలా మధ్యలో ఒక గట్టు అడ్డం ఉన్నచోట ఉష్ణోగ్రత పెంచితే అధిశోషణం మొదట పెరుగుతుంది, ఇంకా పెంచితే మన లెక్క ప్రకారం లేచిపోవడం మొదలై తగ్గుతుంది. గోరింటాకుకు వెచ్చదనం ఎందుకో మళ్లీ ఒకసారి తలుచుకోండి.

ల్యాబ్ అందుబాటులో ఉన్నవాళ్లకు

ఎంఎస్సీ ప్రాజెక్టు చేస్తున్నవాళ్లు రెండు కొలతలు అడిగి మరీ చేయించుకోండి. 1944లో మొదలై ఇప్పుడు ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) పేరుతో తార్నాకలోనే ఉన్న సంస్థలో ఉత్ప్రేరకాల మీద దశాబ్దాలుగా పని జరుగుతోంది, ఈ కొలతలు అలాంటి చోట రోజువారీ పని. ఒకటి, నమూనాను నిమిషానికి 10 డిగ్రీల చొప్పున వేడి చేస్తూ ఏ ఉష్ణోగ్రత దగ్గర వాయువు లేస్తుందో గీసుకోవడం. కింది ఉష్ణోగ్రతల్లో వచ్చే శిఖరం వాలినదానిది, పైకి వెళ్లాక వచ్చేది కట్టుబడినదానిది. మనం వేసిన జమాఖర్చే గ్రాఫ్ రూపంలో వస్తుంది. రెండోది, ఒకే పొడి మీద రెండు వాయువులు ప్రయోగించడం. మైనస్ 196 డిగ్రీల దగ్గర నైట్రోజన్ ఎంపిక చూపదు, మొత్తం ఉపరితలం మీద పొరలు పొరలుగా వాలుతుంది. బ్రునౌర్, ఎమెట్, టెల్లర్ 1938లో ఇచ్చిన సమీకరణంతో దాన్నుంచి మొత్తం వైశాల్యం వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ అలా కాదు, ప్లాటినం లాంటి లోహపు రేణువుల మీద మాత్రమే, అదీ ఒక్క పొరగా కట్టుబడుతుంది, కాబట్టి పని చేసే లోహపు పరమాణువులు ఎన్నో లెక్క తేలుతుంది. రెండు అంకెలూ రాకుండా ఉత్ప్రేరకం గురించి పేజీలు పేజీలు రాయొద్దని నా మాట.

కార్బన్ మోనాక్సైడ్ ఎలా కట్టుబడుతుందో కూడా చూడాలి. కార్బన్ కొనను లోహం వైపు పెట్టి నిలబడి తన ఎలక్ట్రాన్ జంటను లోహానికి ఇస్తుంది, లోహం తన ఎలక్ట్రాన్లను తిరిగి దానికి కొంత ఇస్తుంది. ఆ తిరిగి వచ్చినవి కార్బన్-ఆక్సిజన్ మధ్య బంధాన్ని బలహీనపరిచే చోటికి చేరతాయి. విడి వాయువుగా ఉన్నప్పుడు సెంటీమీటరుకు 2143 తరంగాల దగ్గర ఉండే దాని ఇన్‌ఫ్రారెడ్ గీత ప్లాటినం మీద అందుకే కిందికి జారుతుంది. ఇచ్చిపుచ్చుకోవడం జరిగిందనడానికి సాక్ష్యం అది. బండ్ల సైలెన్సర్‌లో ఉండే కెటాలిటిక్ కన్వర్టర్ చల్లగా ఉన్నప్పుడు పనిచేయకపోవడానికి కారణమూ ఇదే: ప్లాటినం సీట్లన్నీ కార్బన్ మోనాక్సైడ్ ఆక్రమించుకుని ఆక్సిజన్‌కు చోటు ఇవ్వదు, వేడెక్కి కొన్ని సీట్లు ఖాళీ అయితేనే చర్య మొదలవుతుంది. పొల్యూషన్ చెకింగ్‌కు వెళ్లేముందు బండిని కాసేపు నడిపి ఇంజన్ వేడెక్కాక వెళ్లండి. గంధకం అయితే ఆ సీట్లలో కూర్చుంటే తేలిగ్గా లేవదు. మన డబ్బాలో వెండికి జరిగిందే ఆ లోహాలకూ జరుగుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 (వాహన కాలుష్య ప్రమాణం) పెట్రోలు, డీజిలులో గంధకాన్ని 10 పీపీఎంకు, అంటే పది లక్షల భాగాల్లో పదికి, తగ్గించడానికి ఇది ఒక ముఖ్యమైన కారణం.

నీళ్ల ఫిల్టరు దగ్గర వాడుకోండి

ఇంట్లో ఫిల్టరులోని కార్బన్ కార్ట్రిడ్జ్‌ను కడిగి, ఎండబెట్టి, మళ్లీ వాడేవాళ్లు మన అపార్ట్‌మెంట్లలో చాలామంది. నల్లా నీళ్లలోని క్లోరిన్ కార్బన్ మీద వాలడం లేదు, కార్బన్‌తో చర్య జరుపుతోంది. నీళ్లలో క్లోరిన్‌కు అంటుకుని ఉన్న ఆక్సిజన్ కార్బన్ ఉపరితలానికి కట్టుబడుతుంది, క్లోరిన్ మామూలు ఉప్పులో ఉండే క్లోరైడ్‌గా మారి నీళ్లలో వెళ్లిపోతుంది. ఎండలో పెడితే ఆ ఆక్సిజన్ లేవదు. గడువుకు మార్చేయడమే దారి.

బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నచోట కార్బన్‌ను నమ్ముకోకండి, అది ఫ్లోరైడ్‌ను పెద్దగా పట్టుకోదు. నల్లగొండ వైపు బంధువులున్న ప్రతి ఇంటికీ ఫ్లోరోసిస్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. నీళ్ల పరీక్ష చేయించి రిపోర్టులో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటిందేమో చూడండి, వేరే నీళ్లు దొరకనప్పుడు కూడా 1.5 దాటకూడదన్నది మన ప్రమాణం. దీనికి జోడీ కుదిరే ఉపరితలం యాక్టివేటెడ్ అల్యూమినా, అంటే సన్నని రంధ్రాలున్న అల్యూమినియం ఆక్సైడ్. దాని మీద అల్యూమినియానికి కట్టుబడిన హైడ్రాక్సిల్ గుంపును తప్పించి ఆ చోట్లో ఫ్లోరైడ్ బంధం కట్టుకుంటుంది. నీరు క్షారంగా ఉంటే హైడ్రాక్సిల్ పోటీకి వచ్చి ఫ్లోరైడ్‌ను రానివ్వదు, అందుకే పీహెచ్ (నీరు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) 5.5 నుంచి 6 మధ్య ఉన్నప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. కొనేముందు అమ్మేవాళ్లను రెండే అడగండి: మా నీళ్ల పీహెచ్‌కు ఇది ఎన్ని లీటర్లు ఇస్తుంది, నిండాక రీజనరేషన్ (మళ్లీ పనికొచ్చేలా చేయడం) ఎవరు చేస్తారు? ఆ రీజనరేషన్ కాస్టిక్ సోడాతో చేసి తర్వాత ఆమ్లంతో సరిచేసే పని, ఇంట్లో చేయకండి. ఇక్కడ కూడా వేడి కాదు, రసాయనమే ఖర్చు పెట్టాలి.

చివరగా, నల్లబడిన పట్టీ ముక్క సంగతి. వరఖ్ అయితే పడేయండి. పట్టీని మాత్రం బాగు చేసుకోవచ్చు. గిన్నె అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచి, దాని మీద పట్టీ తగిలేలా పెట్టి, రెండు చెంచాల వంటసోడా చల్లి మరిగే నీళ్లు పోయండి. అల్యూమినియం ఎలక్ట్రాన్లు ఇచ్చి వెండిని వెండిగా మిగులుస్తుంది, గంధకం విడిపోతుంది, డబ్బాలో వచ్చిన వాసనే మళ్లీ కొంచెం వస్తుంది, కిటికీ తెరిచి ఉంచండి. కొన్ని నిమిషాల్లో తెల్లబడుతుంది. కావాలని నలుపు వేయించిన నగిషీ ఉన్న పట్టీలు మాత్రం అందులో వేయకండి, ఆ నలుపు కూడా పోతుంది.